ఆయ్ అంటే అవునని కాదు

డ్రిల్లు టీచరుగారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది వాళ్ళ తమ్ముడుగారు. "అక్క తెల్లారగట్ల వెళ్ళిపోయిందండి. ఆస్పత్రికి తీసుకెళ్ళేంత టైము కూడా ఇవ్వలేదండి," అన్నారాయన. దానికి నేనన్న మాటేమిటో తెలుసా? "ఆయ్."

"మధ్యాహ్నం లోపు తీసుకెళ్ళిపోతామండి," అన్నారు. మళ్ళీ "ఆయ్" అన్నాను. ఫోను పెట్టేశాక నా నోటిని నేనే తిట్టుకున్నాను. అంత మనిషి పోయిందని చెబితే అయ్యో అనలేదు, ఎలా జరిగిందని అడగలేదు. ఉగ్గుపాలతో పోసిన ముక్క ముందు బయటికొచ్చేసింది.

కోనసీమ ఎరగనివాళ్ళకి ఈ ముక్క సంగతి కాస్త చెప్పాలి. మా దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే బెల్లంకొట్టిన రాయిలా నోరు మూసుకుని వినకూడదు. మధ్యమధ్యలో ఆయ్ అంటూ ఉండాలి. వింటున్నానండి, మీరు కానివ్వండి అని దాని అర్థం. చాలాసార్లు అవును అనే చోట కూడా వాడతాం, కాదనను. కానీ అనే ప్రతి ఆయ్ వెనకా అవును ఉండదు. పెళ్ళికి రమ్మన్నా ఆయ్, చావు కబురు చెప్పినా ఆయ్. ఎదుటివాళ్ళు తిడుతున్నా ఆయ్ అనగలిగినవాళ్ళం మేం. బయటివాళ్ళు మా మర్యాద చూసి మురిసిపోతారు, వాళ్ళకన్నా ఎక్కువ మేం మురిసిపోతాం. టీచరుగారిని తలుచుకోవాలంటే మాత్రం ఆ మర్యాద వల్ల పడ్డ సిగ్గే నాకు ముందు గుర్తొస్తుంది. ఏం చెయ్యను, దాన్ని దాటి రాయడం నాకు చేతకావడంలేదు.

ఈ రాతలో ఎవరి పేరూ ఉండదు. ఇందులో ఒక చిన్నపిల్ల ఉంది. పిల్లల మీద అఘాయిత్యాలు చేసినవాళ్ళ మీద పెట్టే పోక్సో కేసుల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ పిల్ల ఎవరో తెలిసేలా ఒక్క ముక్క కూడా రాయకూడదని ఆ చట్టంలోనే ఉంది. అందుకని పిల్ల పేరు లేదు, ఊరి పేరు లేదు, టీచరుగారి పేరూ లేదు. ఆ పిల్ల నాకేమవుతుందో కూడా చెప్పను. చెబితే మావాళ్ళు వేళ్ళ మీద వరసలు కలిపేసుకుంటారు. మా పిల్ల అంటాను, అంతే. టీచరుగారే ఉంటే ఇది అచ్చుకి ఇచ్చేముందు చదివి, "వదినగారూ, ఈ ముక్క తీసెయ్యండి, దొరికిపోతుంది," అని ఇంకో నాలుగు లైన్లు కొట్టేసేవారు.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడుగారింట్లో వీధివైపు గదిలో ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, కింద తెల్ల కాన్వాసు బూట్లు. పెళ్ళిళ్ళకి కూడా ఆ బూట్లే. "ఏవండీ టీచరుగారూ, ఇప్పుడైనా చెప్పులేసుకోవచ్చు కదండీ," అంటే, "పిల్లలు పరిగెడితే వెనకాల పరిగెట్టాలండీ వదినగారూ, చెప్పులు జారిపోతాయండి," అనేవారు. ఉద్యోగం దిగిపోయిన మనిషి ఎవరి వెనకాల పరిగెడుతుందని మేం నవ్వుకునేవాళ్ళం. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. కాలవకి అవతల గట్టు మీద పిల్లాడు కొబ్బరిచెట్టెక్కబోతే ఇవతల గట్టు మీంచి ఒక్క కేకతో దింపేసేవారు.

రిటైరయ్యాక ఆవిడ కొత్తపని ఒకటి నెత్తికెత్తుకున్నారు. కేసుల్లో ఉన్న పిల్లలకి తోడుండే పని. చట్టంలో దాన్ని సపోర్టు పర్సన్ అంటారట. పోలీసులు అడిగేటప్పుడు, ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు, కోర్టులో నిలబడేటప్పుడు పిల్ల పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పిల్ల తరఫున మాట్లాడకూడదు, పిల్లకి నేర్పకూడదు. ఇవాళ ఏం జరుగుతోంది, రేపు ఏం జరగబోతోంది అన్నది పిల్లకి తెలిసేలా చెప్పాలి, భయపడితే పక్కనుండాలి. జిల్లాలో పిల్లల బాగోగులు చూసే కమిటీ ఉంది, వాళ్ళు శిక్షణ ఇచ్చి ఏ కేసుకి ఎవరు వెళ్ళాలో చెబుతారు. మాకు సంగతి తెలిసి, "హాయిగా కాశీ రామేశ్వరం తిరిగి రాక ఆ ముళ్ళకంపలో కాలు పెట్టడమెందుకో," అనుకున్నాం.

మా పిల్ల సాయంత్రాలు ట్యూషనుకి వెళ్ళేది. చెప్పేది ఊళ్ళో అందరూ మాస్టారుగారు, మాస్టారుగారు అని లేచి నిలబడే మనిషి. ఇప్పటికీ ఆ 'గారు' నా నాలిక వదిలి పోవట్లేదు, ఛీ! ఒకరోజు పిల్ల వెళ్ళనంది. ఎందుకే అంటే చెప్పలేదు. "తప్పమ్మా, పెద్దాళ్ళు పిలిస్తే ఆయ్ అని వెళ్ళాలి," అని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా దింపి వచ్చాను. ఎవరో కాదు, నేనే.

కొన్నాళ్ళకి పిల్ల తల్లితో చెప్పుకుంది. ఏం చెప్పుకుందో ఇక్కడ రాసే పని లేదు. ఆ తల్లి గోల చెయ్యలేదు, ఎవర్నీ సలహా అడగలేదు, చీర మార్చుకుని స్టేషనుకి వెళ్ళి కంప్లయింటు ఇచ్చి వచ్చింది. ఆ తర్వాతే మాకు చెప్పింది. మాకు కోపమొచ్చింది. ఆ మనిషి మీద కాదండోయ్, ముందు ఆ తల్లి మీద వచ్చింది. "ఇంట్లో పెద్దాళ్ళం చచ్చిపోయేమా, ఒక్కమాట అడక్కుండా వెళ్ళడానికి?" అన్నాను. పిల్ల పక్కగదిలోనే ఉంది, వింటూనే ఉంది.

పిల్లని స్టేషనుకి పిలవకూడదట, పిల్ల ఉన్నచోటికే వచ్చి అడగాలట. ఆడ ఎస్సైగారు యూనిఫారం లేకుండా మామూలు చీరలో మా ఇంటికి వచ్చారు. కడప వైపు ఆవిడ, కొత్తగా ఇటు వేశారు. మంచి మనిషి, ఆవిడ తప్పేం లేదని ముందే చెప్పేస్తున్నాను. తప్పంతా మా హడావిడిది. పెళ్ళిచూపులకి తయారుచేసినట్టు పిల్లకి తల దువ్వి, కొత్త గౌను తొడిగి, ఎస్సైగారికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. చుట్టూ మేం నిలబడ్డాం. "మర్యాదగా మాట్లాడమ్మా," అని నేను పిల్ల చెవిలో ఊదాను.

"నీకు ఆ మాస్టరంటే భయమా పాపా?" అన్నారు ఎస్సైగారు.

"ఆయ్."

"అయితే ఆయన మంచోడేనా?"

"ఆయ్."

"నిన్ను ఇబ్బంది పెట్టినాడా?"

"ఆయ్."

"ఏమీ జరగలేదా?"

"ఆయ్."

"అమ్మ చెప్పమంటే చెప్తాండావా?"

"ఆయ్."

ఎస్సైగారు అడిగిన ప్రతిమాటా పిల్ల చెవిన పడుతోంది, పడినట్టు వినయంగా చెబుతోంది. అంతకన్నా ఇంకేమీ చెప్పడానికి దానికి నోరు రావట్లేదు. నాకది తట్టలేదు. నేను పిల్ల మొహంలోకి చూసి నవ్వాను. ప్రతి ఆయ్‌కీ నవ్వాను. పోలీసావిడ ముందు కూడా మా పిల్ల మర్యాద తప్పలేదని నాకు గర్వం! అది నా మొహం చూస్తూ ఇంకో ఆయ్, ఇంకో ఆయ్ అంటూ పోయింది.

ఎస్సైగారు ఫోన్లో వీడియో ఆపేసి తలపట్టుకున్నారు. "పాప అన్నిటికీ అవుననే అంటాంది. అమ్మ చెప్పమనిందా అంటే దానికీ అవుననింది. నేనెట్లా రాసుకునేదమ్మా? ఉన్నదున్నట్టు రాయాల గదా," అన్నారు. అప్పటికైనా మాకు వెలగొద్దూ? వెలగలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అంటున్న మాట, ఇంకొకళ్ళ చెవికి ఇంకోలా వినపడుతుందని మాలో ఒక్కళ్ళకీ తోచలేదు. గుమ్మందాకా సాగనంపి, మళ్ళీ రమ్మని కూడా చెప్పాం.

మూడోనాడో నాలుగోనాడో, కమిటీవాళ్ళు పంపిన మనిషి వస్తారని కబురొచ్చింది. ఎవరో అనుకుంటే డ్రిల్లు టీచరుగారు! ఊరావిడే వచ్చిందంటే ఊరంతా తెలిసిపోతుందని నా గుండెల్లో రాయి పడింది. పైకి మాత్రం, "రండి రండి, భోజనం వేళకొచ్చేరు, పనసపొట్టు కూర చేసేను," అన్నాను.

"భోజనం వద్దండీ వదినగారూ. కేసున్న ఇంట్లో అన్నం తింటే ఆ ఇంటివాళ్ళ మాట వినాల్సొస్తుందండి. నేను పిల్ల మాట వినడానికొచ్చేను," అన్నారు. మంచినీళ్ళు కూడా ఆవిడ సీసాలోవే తాగారు.

ఎస్సైగారు వచ్చివెళ్ళిన సంగతి చెప్పమన్నారు. నేను గొప్పగా మొదలుపెట్టాను. పిల్ల ఎంత ఒద్దికగా కూర్చుందో, ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా ఆయ్ ఆయ్ అని ఎంత చక్కగా జవాబిచ్చిందో చెప్పుకుంటూ పోయాను. టీచరుగారి మొహం చూస్తుండగానే మాడిపోయింది.

"ఎస్సైగారిది ఏ ఊరండీ?"

"కడప వైపంటండి."

"అయ్యో రామా! ఆవిడ అవునని రాసుకుని ఉంటారండి. అన్నిటికీ అవునని!"

అప్పుడు వెలిగింది. టీచరుగారు మెల్లిగా అడిగారు. "పిల్ల ఆయ్ అంటున్నప్పుడు ఎవరి మొహం చూసిందండి?"

"నా మొహమేనండి."

"మీరేం చేసేరండి?"

"నవ్వేనండి," అన్నాను.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. "నేనైనా అదే చేద్దునండి," అన్నారావిడ. "ఉద్యోగమంతా అదేగా చేసేను. విజిలేస్తే వరసలో నిలబడమని నేర్పేను. వరసలోంచి తప్పించుకుని పారిపొమ్మని ఒక్క పిల్లకీ నేర్పలేదండి. అందుకే ఇప్పుడిలా తిరుగుతున్నాను." అలా అని లేచి ఎస్సైగారికి ఫోను చేశారు.

ఎస్సైగారు మళ్ళీ వచ్చారు. సంగతి విని నోరెళ్ళబెట్టారు. "ఇన్ని దినాల నుంచి ఈ ఊర్లలో పని చేస్తాండా. నేను ఏం చెప్పినా అందరూ ఒప్పుకుంటాండారు, ఎంత మంచోళ్ళో అనుకుంటి! ముందే చెప్పల్ల గదమ్మా," అన్నారు. అందరం నవ్వాం గానీ వెంటనే ఆపేసుకున్నాం. మొదటిరోజు తీసిన వీడియో ఉంది కదా, దాన్ని తీసెయ్యడానికి లేదట. అది అలాగే ఉంటుంది, దానితో పాటు కొత్తది ఉంటుంది.

"ఎస్సైగారండీ, 'ఏం' అని అడగండి, 'కదా' అని మాత్రం అడక్కండి," అన్నారు టీచరుగారు. "ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అంటే పిల్ల ఆలోచించుకుని చెప్తుంది. జరిగింది కదా అంటే మా పిల్లలు ఆయ్ అంటారు, జరగలేదు కదా అన్నా ఆయ్ అంటారండి."

ఈసారి కుర్చీలు లేవు, కొత్త గౌనూ లేదు. పెరట్లో చాప పరిచి టీచరుగారు పిల్ల పక్కన కూర్చున్నారు, ఎదురుగా కాదు. మధ్యలో పచ్చి కొబ్బరాకులు పడేసి, ఇద్దరూ చీపురికి ఈనెలు తీయడం మొదలుపెట్టారు. ఎస్సైగారు కాస్త ఎడంగా పీట మీద కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడబోతే టీచరుగారు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని వీధివైపు తీసుకెళ్ళారు. "మీరిక్కడ ఉండండి వదినగారూ. మొహంలోకి చూస్తూ అడిగితే పిల్లలు మన మొహానికి సరిపడే జవాబే చెప్తారండి. మీ మొహమంటే దానికి మరీ ఇష్టం," అన్నారు. చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు.

వీధరుగు మీద కూర్చున్నాను. చాకుతో ఈనె గీస్తున్న చప్పుడు ఒక్కటే వినపడేది. అది ఆగేది. చాలాసేపు ఏమీ వినపడేది కాదు. తర్వాత మా పిల్ల గొంతు లేచేది, మాటలు తెలిసేవి కావు. మళ్ళీ ఈనె చప్పుడు. కాలవ దాటి వినపడే టీచరుగారి గొంతు ఆ పూటంతా ఒక్కసారి కూడా వినపడలేదు. ఎస్సైగారు బయటికొచ్చి తలొంచుకుని జీపెక్కారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత పెద్దమనుషుల రాకపోకలు మొదలయ్యాయి. మాజీ ప్రెసిడెంటుగారు అరటిపళ్ళ అత్తంతో వచ్చి కూర్చున్నారు. "చూడండమ్మా, ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్ళి ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకేనండి. రేపు పిల్లకి పెళ్ళి కావాలా, అక్కర్లేదా? మాస్టారు ఊరొదిలి పోతానంటున్నాడు. పిల్ల చేత ఏదో పొరపాటున అన్నానని ఒక్కమాట అనిపించేస్తే గొడవొదిలిపోద్దండి," అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆయ్ అన్నారు. నేనూ అన్నాను. ఈసారి నా ఆయ్‌కి అర్థం వింటున్నానని కాదు. నిజంగానే మొగ్గాను. పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని పిల్ల పెళ్ళి గురించి బెంగ పెట్టుకున్నాను. పిల్ల రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తోందన్న బెంగ ఆ క్షణాన నాకు లేదు. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి.

పిల్లని చూడ్డానికి వచ్చిన టీచరుగారు గుమ్మంలోనే ఆ మాటలు విన్నారు. "అరిటాకు సంగతి బాగా చెప్పేరండి ప్రెసిడెంటుగారూ. మరి ముల్లు సంగతి ఎవరూ ఎత్తరేంటండీ?" అన్నారు.

"మీకేమండీ, ఒంటరి మనిషి. ఆడపిల్లని కన్నవాళ్ళకి తెలుస్తుంది," అన్నారాయన. అనకూడని మాట. ఒక్కళ్ళం కూడా, అదేం మాటండీ అనలేదు. టీచరుగారు బూట్లు విప్పుకుని, ఆయన పక్కనుంచే నడుచుకుంటూ పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

సాయంత్రాలు ఆవిడ వాకిట్లో పిల్లల చేత ఒక ఆట ఆడించేవారు. "ఆయ్ అనడం మర్యాదేనర్రా. కాదండీ అనడం కూడా మర్యాదే," అనేవారు. "ఒరే, నువ్వు గేదెవి కదా?" అని అడిగేవారు. వాడు ఆయ్ అంటే అందరూ గొల్లుమనేవారు, వాడు గడ్డి మేస్తున్నట్టు నటించాలి. "మీ తాతగారు విమానం తోల్తారు కదా?" "కాదండీ!" మా పిల్ల మొదట్లో పెదవులు మాత్రం కదిపేది. పోగాపోగా ఎంత గట్టిగా అరిచేదంటే వాకిట్లో కోళ్ళు ఎగిరిపోయేవి. అది అలా అరవడం విని నేను మా ఇంట్లో పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఏడ్చిన రోజుంది.

ఆ ఆట ఎన్నాళ్ళో సాగనిచ్చామా? "పెద్దలకి ఎదురు చెప్పడం నేర్పుతోందంట," అని ఒక తల్లి తన పిల్లల్ని మానిపించింది. "ఆవిడ దగ్గర కూర్చుంటే ఏదోటి అనిపించి కేసు పెట్టించేస్తుందంట," అని ఇంకో తల్లి. చివరికి వాకిట్లో మా పిల్లా, టీచరుగారూ మిగిలారు. శుభకార్యాలకి ఆవిడకి పిలుపులూ తగ్గాయి. పోలీసు స్టేషన్లూ కోర్టులూ తిరిగే మనిషి అన్నారు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి నేను కూడా ఆవిడని పిలవడం మరిచిపోయాను. మరిచిపోయాననే రాస్తున్నాను చూశారా, అదీ నా బుద్ధి! ఊరి నోటికి జడిసి పిలవలేదు. మర్నాడు ఆవిడ మామూలుగానే వచ్చి, "ప్రసాదం ఉంచేరా వదినగారూ?" అన్నారు. "మీరు మా ఇంట్లో ఏమీ తినరు కదండీ," అన్నాను తలొంచుకుని. "ప్రసాదం అన్నం లెక్కలోకి రాదండి," అని దొన్నెలో ఉన్నదంతా చేత్తో తుడిచి తినేశారు.

కేసు కోర్టుకెళ్ళింది. అవతలి లాయరుగారు కోనసీమ మనిషే, ఆయ్ అంటే ఏమిటో ఆయనకి మాకన్నా బాగా తెలుసు. అయినా, మొదటిరోజు పిల్ల అన్నిటికీ అవునందనీ, డ్రిల్లు టీచరు వచ్చి నేర్పాకే మాట మార్చిందనీ ఆయన వాదన. చట్టం పిల్లకి ఎన్నో ఏర్పాట్లు చేసింది. ఆ మాస్టారు పిల్ల కంటపడకుండా అడ్డం తెర కడతారు, జడ్జిగారి ద్వారానే ప్రశ్నలు అడగాలి, దాహమేస్తే ఆపాలి, అలసిపోతే ఆపాలి. కానీ ఆ ఆయ్ సంగతి మాత్రం పిల్లే చెప్పుకోవాలి.

"మనం చెప్తే పనికిరాదా టీచరుగారూ? తప్పు మాదే, మేం నేర్పిన మాటే అని నేనొచ్చి చెప్తాను," అన్నాను.

"మీరు మీ మాట చెప్పుకోవచ్చండి. ఆవేళ దాని మనసులో ఏముందో మీకేం తెలుసండి? నేను చెప్తే నేర్పినట్టు. అదే చెప్పాలి, చెప్పేదాకా మనం ఆగాలి," అన్నారు.

ఒకరోజు కోర్టు లేనప్పుడు పిల్లని తీసుకెళ్ళి ఆ హాలు చూపించి తీసుకొచ్చారు. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారు, తను ఎక్కడ కూర్చోవాలి, తలుపు ఎటువైపుంది, అన్నీ. పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కటే. "మీరుంటారా?" "ఉంటానే తల్లీ," అన్నారట. వాయిదాలు పడుతూ వచ్చి, చివరికి సోమవారం పిల్ల సాక్ష్యం అని ఖాయమైంది. ఆ ముందు గురువారం తెల్లవారుజామున టీచరుగారు వెళ్ళిపోయారు.

ఆవిడ వాకిట్లో అంతమంది జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. పిల్లల్ని మానిపించిన తల్లులందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మాజీ ప్రెసిడెంటుగారు తనే దగ్గరుండి ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన ఫొటో టీచరుగారి ఫొటో కన్నా పెద్దది. "మన ఊరి మర్యాదకి మారుపేరండి ఆ మహాతల్లి," అని ఆయన అంటే అందరూ ఆయ్ అన్నారు. ఆయనవి కపటకన్నీళ్ళని ఈసడించుకోబోయాను గానీ, నావి మాత్రం ఏపాటివి? ఆయన దండ తెచ్చారు, నేను పూలు తెచ్చాను, అంతే తేడా. పిల్లల్ని అలాంటి చోటికి తేకూడదన్నారు ఎవరో. మా పిల్ల తల్లి వినిపించుకోలేదు. పిల్లని ఆవిడ పాదాల దగ్గర నిలబెట్టింది. పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చే దారిలో మాత్రం, "సోమారం ఎవరొస్తారు?" అని అడిగింది.

మర్నాడు కమిటీలోంచి ఒకావిడ వచ్చారు. కొత్త సపోర్టు పర్సన్‌ని ఇస్తామన్నారు, కావాలంటే ఇంకో వాయిదా అడగొచ్చన్నారు. పిల్ల తల ఊపలేదు. "సోమారమే చెప్పేస్తానండి," అంది. తల్లి కూడా సాక్షే కాబట్టి ఆ సమయంలో లోపల ఉండడానికి లేదు. "అయితే మీవాళ్ళలో ఎవరుంటే నీకు ధైర్యంగా ఉంటుందమ్మా?" అని ఆవిడ అడిగారు. ఇంట్లోవాళ్ళందరం వరసగా నిలబడ్డాం. పిల్ల ఒక్కొక్కళ్ళ మొహమే చూసుకుంటూ వచ్చింది. నా దగ్గరికొచ్చేసరికి, ఇన్ని జరిగినా బుద్ధి రాని నా మొహం, దానికి ధైర్యం చెబుదామని నవ్వబోయింది. ఆపుకున్నాను.

"నువ్వు రా," అంది నాతో. ఆగి, మళ్ళీ అంది. "కానీ నా వెనకాల కూర్చో. నీ మొహం నాకు కనపడకూడదు."

"అలా అనకూడదమ్మా, పెద్దావిడ కదా," అన్నారు కమిటీ ఆవిడ నొచ్చుకుంటూ.

"వద్దండి, దాన్ని ఆపకండి," అన్నాను.

సోమవారం వెళ్ళాం. లోపల పిల్ల ఏం చెప్పిందో రాయను, రాయకూడదు. ఈ రాత రాస్తున్న నాటికి తీర్పు ఇంకా రాలేదు. టీచరుగారికి నివాళి అని మొదలుపెట్టి నా సిగ్గంతా మీ ముందు ఆరబోశాను, క్షమించండి. ఆవిడ గురించి గొప్పగా రాసే అర్హత మా ఊళ్ళో ఎవరికీ ఉందనుకోను.

జడ్జిగారు పిల్లని ఏదో అడిగారు. తెర అవతల ఎవరో దగ్గి ఊరుకున్నారు. నేను దాని వెనక కుర్చీలో ఉన్నాను. నాకు కనపడుతున్నవల్లా రెండు జడలు, వాటి మధ్య దాని మెడ. పొద్దున్న వాళ్ళమ్మ అద్దిన పౌడరు చెమటకి తెల్లటి చారలు కట్టింది. తుడుద్దామని చెయ్యి లేచింది, ఒళ్ళో పెట్టేసుకున్నాను. పిల్ల ఆలోచించుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ మెడ నిటారుగా లేచింది, పిల్ల మాట్లాడడం మొదలుపెట్టింది.